నడిచేది నేర్చుకోను పోయిన యేడు

పోయిన నెల మదనపల్లిలో ఎముకల డాక్టరు దగ్గరికి పోయి వచ్చినాము, నేనూ మా కూతురూ. మెట్లు దిగేటప్పుడు మోకాలు పట్టేస్తా ఉంటే, ఎన్నాళ్లని తైలాలు రుద్దుకుంటావని అదే బలవంతంగా తీసుకుపోయింది. డాక్టరు చిన్న వయసాయన, మంచి మాట. ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూసి, "అమ్మా, ఆ తలుపు దగ్గర నుంచి ఈ కిటికీ దాకా మామూలుగా నడవండి, చూస్తాను" అన్నాడు. లేచినాను. లేచినదాన్ని అట్లే నిలబడిపోయినాను.

"నొప్పిగా ఉండాదా మా?" అని కూతురు చెయ్యి పట్టుకునింది.

"నొప్పి లేదు. మామూలుగా అంటే ఏ మాదిరి అని ఆలోచన చేస్తాండా."

నేనేదో ఎగతాళికి అన్నాననుకొని డాక్టరు నవ్వినాడు. ఎగతాళి కాదు. అందరికీ నడక ఊరికే వస్తుంది, పోయేదాకా ఉంటుంది. నాకు ఊరికే వచ్చిన నడకను విమానమెక్కి పోయి, ఏడాది పాటు కష్టపడి పోగొట్టుకొని వచ్చినాను. తిరుగు బస్సులో ఈ సంగతి కూతురికి చెప్తా వస్తే, "రాసిపెట్టు మా, నాకు సగమే అర్థమయింది" అనింది. నాకూ సగమే అర్థమయింది. ఏడో తరగతి చదివిన చేత్తో రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

మాది పుంగనూరు పక్కన పల్లె. మా నాయన మునెప్పను అందరూ వాద్యారు అనేవాళ్లు, అంటే వీధినాటకం నేర్పించే గురువు. ఏడెకరాల మెట్ట, చెనిక్కాయ పంట, నాలుగు ఆవులు. ఆ పని తీరినంక ఎండాకాలమంతా భారతమే. కుప్పం వైపు పల్లెల్లో ధర్మరాజు గుడి ఉన్నచోట పద్దెనిమిది రోజులు భారతం జరుపుతారు. చివరి రోజు పొద్దున ఊరి బయట మైదానంలో మట్టితో పెద్ద దుర్యోధనుడి బొమ్మను పండబెట్టి, భీముడు ఆ తొడ విరగ్గొట్టేది, ద్రౌపది ఆ తొడలో ఎర్రనీళ్లు చేత్తో తీసుకొని విరబోసుకున్న జుట్టు ముడి వేసుకునేది పట్టపగలు చూపిస్తారు. చుట్టూ పది పల్లెల ఆడోళ్లు పసుపూ కుంకుమా పట్టుకొని వచ్చి ఆ ద్రౌపది కాళ్ల మీద పడతారు. ఆ ద్రౌపది మొగోడు. వేషాలన్నీ మొగోళ్లే.

నాకు ఊహ రాకముందే అమ్మ పోయింది. నాయన్ను కన్న తల్లి, మా అవ్వ, నన్ను సాకింది. భారతం దగ్గర పడుతూనే మా ఇంటి వాసన మారిపోయేది. పొనికి కర్రతో చేసిన కిరీటాలు, అద్దం బిళ్లలు అతికించిన భుజకీర్తులు పెద్ద కొయ్యపెట్టెలో వేపాకు, వసకొమ్ముల నడుమ పెట్టి ఉండేవి. పెట్టె మూత తీస్తే ఆ వస వాసన వంటింటి దాకా వచ్చి, ఉడికే సంగటి మీద కూర్చునేది. పెరట్లో అవ్వ అర్దళం నూరేది. అర్దళమంటే వేషగాళ్లు మొగానికి పూసుకునే పసుప్పచ్చ రాయి, కడుపులోకి పోతే విషం. "దీన్ని నూరిన చెయ్యి నోట్లో పెట్టుకుంటివా, నిన్ను ఎత్తుకోను నలుగురు రావల్ల" అని ప్రతి యేడూ అదే మాట, అదే గొంతుతో చెప్పేది. ఆ బండను ఇంక దేనికీ వాడేది లేదు. తెలీక ఒకసారి మా చుట్టపామె దాని మీద మిరపకాయలు ఆరబోసిందని, వాటిని నాలుగు నీళ్లు కడిగించి, ఐనా మనసొప్పక గుంత తీసి పూడ్పించింది. నూరి నూరి వెన్న మాదిరి అయినంక వేలితో తీసి చూసేది. నేనూ పదేళ్ల వయసు నుంచి నూరినాను. నూరినదే గానీ నా మొగాన ఎప్పుడూ పూసుకోలేదు.

పొద్దున పాలు పిండి కేంద్రంలో పోసి వచ్చినంక వాకిట్లో నేర్పించేది మొదలయ్యేది. నాయన ముగ్గుపిండితో వాకిలి పొడవునా ఒక గీత గీసేవాడు. మా పక్క పల్లె చెంగప్ప ఇత్తడి బిందె చంకన పెట్టుకొని ఆ గీత మీద నడవాల. చెంగప్ప టమాటా రైతు. గంపలు మోసి మోసి కాయలు కాసిన భుజాలు. భారతానికి మాత్రమే మీసం తీసే మనిషి. మా మేళంలో ద్రౌపది ఆయనే.

"ఎడమ కాలు రవ్వంత ఆలస్యంగా రావల్లప్పా" అనేవాడు నాయన. "మడమ ఆనీ ఆనకుండా లాక్కోవల్ల. ఆడోళ్ల అందమంతా ఆ ఆలస్యంలో ఉండాది."

"మామా, మా ఇంటిది ఇట్ల నడిచేది నేనెప్పుడూ సూళ్లేదే."

"నువ్వు సూసేది నీ ఎనకాల కట్టె పట్టుకొని పరిగెత్తే నడక. ద్రౌపది అట్ల నడుస్తాదా?"

నేను వంటింటి గడప మీద చెనిక్కాయలు వలుస్తా ఇదంతా చూసేదాన్ని. ద్రౌపది పద్యాలు చెంగప్ప కంటే ముందు నాకే నోటికి వచ్చేవి. ఆవుల కొట్టంలో పేడ ఎత్తుతా నేనే ద్రౌపది, నేనే భీముడు, నేనే తొడ విరిగి పడిన రారాజు. ఆవులు నాలుగూ కొత్తలో బెదిరేవి, తర్వాత అలవాటు పడి నెమరేసుకుంటా వినేవి. నాకు ఉన్నది ఒకే కోరిక, ఆ చివరిరోజు మైదానంలో ద్రౌపదిగా నిలబడాల. పదిహేడేళ్లప్పుడు ధైర్యం చేసి అడిగేసినాను. "నాయనా, ఆ గీత మీద నన్నుగూడా నడిపించు."

ఆయన నన్ను వింతగా చూసినాడు. "నీకు యాలమ్మా? నువ్వు ఆడదానివే గదా."

ఇంకో యేడు మళ్లీ అడిగితే, "ఆడపిల్లను మైదానంలో నిలబెడితే మేళం పేరు పోతాది. మళ్లా ఈ మాట ఎత్తొద్దు" అన్నాడు. కోపంగా గూడా అనలేదు. బావిలో నీళ్లు అడుక్కు పోయినాయని చెప్పినట్టు చెప్పినాడు.

ఆ తర్వాత ఆనా అనే తెల్లామె వచ్చింది. కుప్పంలో ఇల్లు బాడుగకు తీసుకొని, ఊరూరూ తిరిగి భారతాన్ని కెమెరాలో పట్టుకునేది. మా ఇంట్లో రెండు ఎండాకాలాలు ఉండి, సంగటి ముద్ద మింగడం నేర్చుకునింది. తెలుగు టీ అంగళ్లలోనూ బస్సుల్లోనూ నేర్చుకునింది కాబట్టి మాకంటే మొరటుగా మాట్లాడేది. మేమంతా ఆనమ్మ అనేవాళ్లం. ఒక పొద్దు కొట్టంలో నన్ను పట్టుకునింది. నేను పేడగంప దించి, రారాజు మాదిరి కూలబడి ఉన్నాను.

"ఇదంతా నీకు ఎవురు నేర్పించినారు రెడ్డెమ్మా?"

"ఎవురూ నేర్పీలేదు. నేర్పించమంటే ఒప్పుకోలేదు."

ఆనమ్మ వాళ్ల దేశంలో ఒంటితో నాటకమాడేది నేర్పించే బడి ఉందంట. ఆమె అందులోనే టీచరంట. ఒక యేడు చదువు. సర్టిఫికెట్లు అడగరు, ఖర్చు బడే చూసుకుంటుంది. ఆమె ఈ మాట నాయనతో అంటా ఉంటే నేను తడిక వెనకాల నిలబడినాను.

అవ్వ ముందుగా అందుకునింది. "పెండ్లి కావల్సిన పిల్లను ఆ సలిదేశానికి పంపిచ్చి, మళ్లా నేను ఎవురికి ఏం సెప్పుకోవల్ల?"

నాయన బీడీ ఆర్పి, "పోనీలేమ్మా. ఆడ ఏమాడినా మనోళ్లెవురూ సూడరు" అన్నాడు.

పది అడుగుల మైదానంలోకి రానీయని మనిషి సముద్రం దాటనిచ్చినాడు. సంతోషపడాలో ఏడవాలో తెలీలేదు. మదనపల్లికి నన్ను తీసుకుపోయి పాస్‌పోర్టు ఫోటో తీయించింది ఆయనే. ఉన్ని స్వెట్టరు, చక్రాల పెట్టె కొనిచ్చింది ఆయనే. కొత్త పెట్టెకు గీతలు పడతాయని బస్సు పైన వెయ్యనీకుండా, పుంగనూరు దాకా ఒళ్లోనే పెట్టుకొని కూర్చున్నాడు.

అక్కడ బడి అంటే పాత గోదాము. కొయ్య నేల, పెద్ద కిటికీలు, బల్లా కుర్చీ ఏమీ లేవు. పదహారు మందిమి, అందరికీ నల్ల ప్యాంటు, నల్ల చొక్కా, చెప్పుల్లేని కాళ్లు. నేను ప్యాంటు వేసుకున్నది అదే మొదలు. కాళ్లు రెండూ వేరువేరుగా ఉన్నాయని ఆరోజే తెలిసినట్టుండింది. పెద్ద మాస్టరు ముసలాయన, ఎండు చింతబరికె మాదిరి మనిషి. ఆయన మాటలు ఆనమ్మ నాకు మన మాటల్లో చెప్పేది.

మొదటివారం, "నిప్పు అయిపోండి" అన్నాడు. అందరూ ఎగిరేవాళ్లు ఎగిరినారు, పొర్లేవాళ్లు పొర్లినారు. నేను గొంతు కూర్చొని, పుల్లలు సర్ది, కళ్లలో నీళ్లు వచ్చేదాకా ఊదినాను. "నిప్పు యాడ?" అని అడిగినాడు. రాజుకోను ఇంకా టైము పడుతుంది, పుల్లలు పచ్చివి అని చెప్పినాను. మా ఇంట్లో నిప్పు చెయ్యాల్సిన వస్తువు, మనిషి నిప్పు అయ్యేదేముంది? ఆనమ్మ ఆ మాట ఆయనకు ఎట్లా చెప్పిందో గానీ, ఆయన రెండు చేతులతో మొగం మూసుకొని నవ్వినాడు. నవ్వి, ఏదో పుస్తకంలో రాసుకున్నాడు. తప్పని రాసుకున్నాడో ఒప్పని రాసుకున్నాడో నాకు చెప్పలేదు.

నెల తర్వాత నడక మొదలయింది. ఒకరు హాలు ఈ చివర నుంచి ఆ చివరకు నడవాల, మిగిలిన పదిహేను మందీ వెనకాల ఆ నడకే నడవాల. నా వంతు వచ్చింది. నేను నడిచి గోడ దాకా పోయి వెనక్కు తిరిగినాను. పదిహేను మంది తెల్లోళ్లు, నల్లోళ్లు, ఆడా మొగా, ఎడమ చంకలో లేని బిందెను అదిమిపట్టుకొని, కుడిచేత్తో లేని కొంగు సర్దుకుంటా, ఎదురుగా ఎవరో పెద్దాయన వస్తున్నట్టు తల వంచుకొని, గోడకు ఒదిగి ఒదిగి నడిచి వస్తా ఉన్నారు. నన్ను నేను అంతకుముందు అట్లా చూసుకోలేదు. నవ్వు వచ్చింది, అది సగంలో ఏడుపయింది.

"నీ నడకలో శానామంది ఉండారు రెడ్డెమ్మా" అనింది ఆనమ్మ, మాస్టరు మాట విని. "బిందె ఉండాది, మీ అవ్వ ఉండాది, మీ నాయన ఉండాడు. వాళ్లనంతా దింపేసి నడువు అంటాడు."

"దింపేస్తే నడిచేది ఎవురు?"

ఆనమ్మ అడిగింది. ఆయన భుజాలు ఎగరేసి, "అదే చూద్దాం" అన్నాడంట.

చలికాలమంతా దింపుకుంటా వచ్చినాను. మొగానికి తోలుతో చేసిన మాస్కు కట్టేవాళ్లు, దానికి ఏడుపూ లేదు నవ్వూ లేదు. అది వేసుకొని ఒకరోజు కొంగు పట్టుకునే చెయ్యి దింపినాను, ఒకరోజు బిందె. తల ఎత్తడానికి మూడు వారాలు పట్టింది. మాస్టరు రోజూ "ఇంకా ఉన్నారు, ఇంకా ఉన్నారు" అనేవాడు. రూముకు పోయి మంచం మీద కూర్చుంటే భయమేసేది. ఇంటి కప్పులో ఒక్కొక్క పెంకు తీసుకుంటా పోతున్నట్టు. ఒక మధ్యాహ్నం హాలు దాటి గోడ దాకా పోతే ఆయన 'ఇంకా ఉన్నారు' అనలేదు. చప్పట్లు కొట్టలేదు, తల ఊపినాడు. ఆనమ్మ కళ్లు తుడుచుకునింది. నాకు మాత్రం ఒళ్లు తేలికగా, ఎవరిదో వస్తువు తెచ్చుకున్నట్టుగా ఉండింది.

ఆ ఆదివారం పుంగనూరు బస్టాండు పక్కన మాకు తెలిసిన టెలిఫోను బూతుకు ఫోను చేసినాను. ముందే ఉత్తరం రాసి ఉన్నాను కాబట్టి నాయన వచ్చి కాచుకొని ఉన్నాడు.

"తింటాండావా?"

"తింటాండాను."

"ఏం నేర్పిస్తాండారు?"

"నడిచేది."

అటువైపు బస్సు హారన్లు వినపడినాయి. "నడిచేదా?"

"అవున్నాయనా."

"అది అయినంక?"

"నిలబడేది."

"సరే, జాగ్రత్తగా నేర్చుకో" అన్నాడు. ఆ మాటలో ఎగతాళి ఉందో, నిజంగానే అన్నాడో, ఫోను పెట్టేసినంక చానా రోజులు ఆలోచించినాను.

తిరిగి వచ్చేసరికి భారతాలు మొదలయి ఉన్నాయి. ఊర్లో ఎవరూ నన్నేమీ అడగలేదు, అక్కడ ఆడోళ్లు గూడా సిగరెట్లు తాగుతారంట గదా అని తప్ప. అవ్వ మాత్రం వాకిట్లో నేను నడుస్తా ఉంటే కన్నార్పకుండా చూసి, "ఏందే, పోలీసాయన మాదిరి వస్తాండావు" అనింది. సరిగా ఆ వారమే కుప్పం దగ్గర పల్లెలో భారతం పదిహేడో రోజున చెంగప్ప టమాటా గంప దించుతా కాలు మడతబడి పడినాడు. చీలమండ బొప్పాయికాయంత వాచింది. మరునాడు పొద్దునే దుర్యోధనుడు పడాల. ఊరివాళ్లు చేతికి కంకణాలు కట్టుకొని ఉన్నారు, ఆపేది లేదు. ఇంకో మేళంలో ద్రౌపదిని అడగను మనిషిని పంపిస్తే, ఆయన ఇంకో ఊరిలో ఒప్పుకొని ఉన్నాడు.

నేను అవ్వతో పాటు ఆ ఊరిలోనే ఉన్నాను. తెల్లారి వేషాల కొట్టంలో అందరికీ టీ పోస్తా ఉంటే నాయన నా చేతిలో నుంచి చెంబు తీసి పక్కన పెట్టినాడు.

"కూర్చో."

కూర్చున్నాను. ఆయన అర్దళం గిన్నె తీసుకొని, నా గడ్డం కింద వేలు పెట్టి మొగం పైకెత్తినాడు. పూస్తా ఉంటే చల్లగా ఉండింది, ఆరే కొద్దీ చర్మం బిగుసుకునింది. చెంగప్ప వాచిన కాలు గోనెసంచి మీద చాపుకొని, "మామా, పద్యాల సంగతి?" అన్నాడు.

"పద్యాలు నేను ఎనక నిలబడి పాడతా. నువ్వు నోరు తెరవొద్దు రెడ్డెమ్మా. గొంతు పట్టిస్తాది."

ప్రతి పద్యమూ నా నాలుక మీద ఉంది. పదేళ్ల నుంచి ఉంది. అయినా తల ఊపినాను. మాట లేకుండా నిలబడేది ఏడాది పాటు నేర్చుకొని వచ్చినదాన్ని, ఆ పనికే పిలిచినాడో, వేరే దిక్కులేక పిలిచినాడో అడగలేదు.

మైదానంలో ఎండ అప్పుడే చురుక్కుమంటా ఉంది. మట్టి దుర్యోధనుడు ఇరవై గజాల పొడవున పడుకొని ఉన్నాడు. వెనక నుంచి నాయన ద్రౌపది పద్యం ఎత్తుకున్నాడు. అరవయ్యేళ్ల ముసలి మొగగొంతు, నా కోసమని ఆడగొంతుగా సన్నబడి పాడుతూ ఉంది. నేను జుట్టు విరబోసుకొని, బొమ్మ చుట్టూ నడిచినాను. తొడలో ఎర్రనీళ్లు దోసిలిలో తీసుకొని జుట్టుకు రాసుకొని ముడి వేసినాను. ఆడోళ్లు ఏడ్చినారు. ఏడుస్తా వచ్చి నా కాళ్ల మీద పసుపునీళ్లు పోసినారు. ఒక ముసలామె నా కాళ్లు వదిలి లేచి, పక్కనామెతో నాకు వినపడేటట్టే అనింది.

"కొత్త పిల్లోడమ్మా. మొగం కళగానే ఉండాది. ఆడదాని నడకే ఇంగా కుదర్లేదు."

"ఆ చెంగప్ప నడిస్తే మనం సిగ్గుపడల్ల. వీడు ఇంగా నేర్చుకోవల్లలే."

నాయన నా వెనకాలే ఉన్నాడు. ఆయనకూ వినపడింది.

తిరుగు బస్సులో నేను కిటికీ పక్కన కూర్చున్నాను, ఆయన పోయి ముందు సీట్లో కూర్చున్నాడు. మేళం పేరు పోలేదు. నేను ఆడదాన్నని ఎవరికీ తెలియను గూడా తెలీలేదు. కోరిక తీరిందా తీరలేదా? ఈరోజు లెక్క చూసుకుంటే అది మొదలని తెలుస్తుంది. తర్వాత ఏడేళ్లు నేను ద్రౌపది కట్టినాను, మూడో యేడు నోరు తెరిచి పద్యం పాడినాను. ఇప్పుడు మేళాల్లో ఆడపిల్లలు చెవికి మైకు తగిలించుకొని పాడుతున్నారు, వాళ్ల నాయనలు సెల్‌ఫోన్లో పట్టుకుంటారు, ఎవరూ ఎవర్నీ తడిక వెనకాల నిలబెట్టరు. మంచిదే. అర్దళం పోయి డబ్బాల్లో రంగులు వచ్చినాయి, అవి విషం కాదు. ఆ పిల్లలను చూస్తే సంతోషమూ అవుతుంది, వీళ్లకు ఇంత సులభమా అని లోపల ఎక్కడో మూలుగుతుంది గూడా. ఈ రెండింటిలో నా మనసు ఏదో నాకే తెలీదు. కానీ ఆరోజు బస్సులో ఇవేవీ లేవు. పుంగనూరులో దిగి ఊరికి ఆటో ఎక్కేదాకా, ఇంక మళ్లీ పిలవడు అనే అనుకున్నాను.

మరునాడు పాలు పోసి వచ్చేసరికి వాకిట్లో ముగ్గుపిండి గీత ఉంది. నాయన బిందె పట్టుకొని నిలబడి ఉన్నాడు.

"రా మా. ఆ తెల్లోళ్లు నేర్పింది పక్కన పెట్టు. ఆడదాని నడక నేర్పిస్తా."

నేను ఆడదాన్నే గదా అని నోటి దాకా వచ్చింది. మింగేసి, బిందె తీసుకున్నాను. గీత మీద నిలబడితే కాళ్లకు ఏమీ గుర్తు రాలేదు.

"ఎడమ కాలు ఆలస్యంగా. మడమ ఆనీ ఆనకుండా. మళ్లా."

నాలుగుసార్లు నడిపించినాడు. అవ్వ నులకమంచం మీద నుంచి చూస్తా చూస్తా, ఉన్నట్టుండి అడిగింది. "మునెప్పా, ఈ నడక నీకు ఎవురు నేర్పించినారు?"

"ఎవురో నేర్పించేది యాడ? నీ నడకే గదమ్మా. నేను పిల్లోడిగా ఉన్నప్పుడు నువ్వు బావి కాడ నుంచి నీళ్లు తెస్తా ఉంటే రోజూ సూసేవాడిని."

అవ్వ తన ఎడమ మడమ తడుముకునింది. "ఆ యేడు నాకు తుమ్మముల్లు ఇరిగి మడమలో ఉండిపోయింది రా. కాలు ఆనించలేక ఈడ్చుకుంటా మోస్తి. ముల్లు తీసినంక ఎప్పుడూ అట్ల నడవలేదు."

చెంగప్ప, ఆయనకు ముందు ద్రౌపది కట్టినాయన, కుప్పం వైపు మేళాలలో నాయన దగ్గర నేర్చుకున్న ఎంతమందో, అందరూ ముప్పై ఏండ్లుగా ఆ ముల్లు మీద నడిచినారు. నాయన మొగం ఎట్లా మారిందో నేను సరిగా చూడలేదు, నా చూపు గీత మీద ఉంది.

"ఊ" అన్నాడు నాతో. "ఎడమ కాలు."

నేను ఎడమ కాలు ఈడ్చినాను.